కూల్చిన ఇటుకలతో కట్టిన వీధి

ఇంగ్లాండ్‌లో ‘కొరొనేషన్ స్ట్రీట్’ సీరియల్‌కి మొదట ఇచ్చిన గడువు 13 ఎపిసోడ్లు. 1960 డిసెంబర్ 9న మొదలైన ఆ కథ 2020 ఫిబ్రవరిలో పదివేల ఎపిసోడ్ల మైలురాయి దాటింది. అదే ఏడాది డిసెంబర్‌లో వజ్రోత్సవం చేసుకుంది. ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అమెరికాలో ‘యాజ్ ది వరల్డ్ టర్న్స్’ 2010 సెప్టెంబర్‌లో ఆగిపోవడంతో, ప్రపంచంలో అత్యధిక కాలంగా ప్రసారమవుతున్న టీవీ సీరియల్ అన్న రికార్డు దీనికే దక్కింది. మొదటి వారం చూసి ఇది నిలబడదని రాసేసిన పత్రికా విమర్శకుడు ఒకాయన ఉన్నాడు. ఆ సమీక్షని ప్రతి ఉత్సవంలోనూ ఎవరో ఒకరు బయటికి తీసి నవ్వుకుంటారు.

దీన్ని సృష్టించిన టోనీ వారెన్‌కి అప్పుడు 24 ఏళ్లు. సాల్ఫర్డ్ పరిసరాల్లోనే పుట్టి పెరిగి, చిన్నతనంలో రేడియో నాటకాల్లో వేషాలు వేసి, మాంచెస్టర్‌లోని గ్రనాడా టెలివిజన్‌లో రచయితగా చేరాడు. కుర్రాళ్ల సాహస కథల్ని టీవీకి మలిచే పని అప్పగిస్తే విసుగెత్తిపోయాడు. ఒకరోజు నిర్మాత హ్యారీ ఎల్టన్ గదిలో ఫైళ్ల బీరువా ఎక్కి కూర్చుని, తనకి తెలిసిన బతుకుల గురించి రాయనిస్తే తప్ప దిగనని భీష్మించుకున్నాడట. ఎల్టన్ కెనడా మనిషి. కుర్రాడికి గడువిచ్చి, రాసుకురమ్మన్నాడు.

రాసుకొచ్చింది గొప్పింటి కథ కాదు. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఏడు ఇళ్లు, ఒక చివర రోవర్స్ రిటర్న్ అనే పబ్బు, మరో చివర కిరాణా కొట్టు. మొదటి ఎపిసోడ్‌లో కెన్ బార్లో అనే యూనివర్సిటీ కుర్రాడు భోజనాల బల్ల మీద సాస్ సీసా చూసి ముఖం చిట్లిస్తాడు. ఇంటి మధ్యలో సైకిల్ బాగుచేసుకునే తండ్రి అతనికి నామోషీ. హోటల్ వంటగదిలో పనిచేసే తల్లి మధ్యలో నలిగిపోతుంది. మేడ మెట్ల మీంచి అత్తగారు దిగుతుంటే మూడు వైపుల నుంచీ కెమెరా తిరిగే మన సీరియళ్లకి అలవాటుపడినవాళ్లకి, ఒక సాస్ సీసా మీద అంత కథ నడవడం వింతగానే ఉంటుంది.

గ్రనాడా పెద్దలకి ఇది నచ్చలేదు. ఎల్టన్ ఒక ఉపాయం చేశాడు. నమూనాగా తీసిన ఎపిసోడ్లని భవనమంతా టీవీలు పెట్టించి సిబ్బందికి చూపించి, అభిప్రాయాలు రాసిమ్మన్నాడు. కొందరు తెగ మెచ్చుకున్నారు, కొందరు అసహ్యించుకున్నారు. ఎటూ కాకుండా ఉన్నవాళ్లు తక్కువ. అది చాలనుకున్నాడు ఎల్టన్. పేరు దగ్గర కూడా తర్జనభర్జనే. మొదట అనుకున్న ‘ఫ్లోరిజెల్ స్ట్రీట్’ ఏదో ఫినాయిల్ పేరులా ఉందని ఆఫీసులో టీ అందించే ఆగ్నెస్ తేల్చేసింది. ‘జూబిలీ స్ట్రీట్’ కూడా చివరిదాకా పోటీలో నిలిచి, తప్పుకుంది.

తొలిరోజుల్లో శుక్రవారం ఎపిసోడ్ ప్రత్యక్ష ప్రసారం. అది అయిపోగానే, వేషాలు తీయకుండా, తరువాతి బుధవారం ఎపిసోడ్ రికార్డు చేసేవారు. వీధి కూడా స్టూడియోలోనే. నేల మీద రాళ్లు పరిచినట్టు రంగుతో బొమ్మ వేసి, దాని మీదే నటుల్ని నడిపించారు.

ఆ వీధికి నమూనా సాల్ఫర్డ్‌లోని ఆర్డ్‌సాల్ పేటలో ఉన్న ఆర్చీ స్ట్రీట్. వారెన్, సెట్ డిజైనర్ డెనిస్ పార్కిన్ కలిసి పేటలన్నీ తిరిగి దాన్ని పట్టుకున్నారు. సీరియల్ పేరు మోగుతున్న ఆ సంవత్సరాల్లోనే సాల్ఫర్డ్‌లో పాత కార్మిక వాడల్ని శిథిల వాడలని ముద్రవేసి వరుసగా కూల్చేశారు. ఆర్చీ స్ట్రీట్ 1971లో పోయింది. అక్కడి జనం బహుళ అంతస్తుల ఇళ్లలోకి చెదిరిపోయారు. 1968లో స్టూడియో బయట కట్టిన వీధి సెట్ చెక్కతో చేసింది. 1982లో అసలు ఇటుకలతో కొత్త వీధి కట్టినప్పుడు సాల్ఫర్డ్‌లో కూల్చిన ఇళ్ల ఇటుకలు, పైకప్పు పలకలే తెచ్చి వాడారు. రెండో ఎలిజబెత్ రాణి స్వయంగా వచ్చి ప్రారంభించింది. బతికిన మనుషుల వీధులు నేలమట్టమై, ఎవరూ కాపురముండని వీధికి రాణిగారి ప్రారంభోత్సవం జరిగింది. ఈ సీరియల్ చరిత్ర మొత్తంలో దీనంత కటువైన ఘట్టం కథలో కూడా లేదు.

కథని నడిపించింది ఎక్కువగా ఆడవాళ్లు. తలకి జాలీ కట్టుకుని, పబ్బులో ఒక మూల గదిలో నల్లబీరు తాగుతూ ఊరందరికీ తీర్పులు చెప్పే ఈనా షార్పుల్స్‌గా వేసిన వయొలెట్ కార్సన్‌కి మొదలుపెట్టేనాటికే అరవై దాటాయి. ఆమె పక్కన మిన్నీ, మార్తా. 1964లో కొత్త నిర్మాత టిమ్ ఆస్పినాల్ పాత్రల్ని తగ్గించే పనిలో పడి, మార్తా లాంగ్‌హర్స్ట్‌ని చంపేయమన్నాడు. స్పెయిన్ ప్రయాణానికని తొలిసారి పాస్‌పోర్టు తెచ్చుకున్న మార్తా, పక్క గదిలో పాటలు సాగుతుంటే, ఎప్పుడూ కూర్చునే బల్ల మీదే గుండె ఆగి ఒరిగిపోయింది. ఆమె చనిపోయిందని చెప్పాల్సిన నటుడు పీటర్ ఆడమ్‌సన్, ఆఖరి నిమిషంలోనైనా నిర్ణయం మారుతుందేమోనని ఆ మాట అనకుండా కాసేపు తాత్సారం చేశాడని చెబుతారు. మారలేదు. అనవసరంగా చేసిన చావు అది. పెద్దలు తరువాత ఎంత నాలిక్కరుచుకున్నా పోయిన పాత్ర తిరిగి రాలేదు.

బయటి గొడవలు కూడా కథలోకి చొరబడేవి. 1961 చివర్లో నటుల సంఘం సమ్మెకి దిగింది. అప్పటికే దీర్ఘకాలం ఒప్పందం ఉన్నవాళ్లు మాత్రమే నటించగలిగారు. వాళ్లు పట్టుమని పదిహేనుమంది కూడా లేరు. 1962 వసంతం దాకా ఆ వీధిలోకి కొత్త ముఖం రాలేదు. పబ్బులో బేరం చేసినా, కొట్టులో సరుకు కొన్నా ఆ నలుగురే. రచయితలు ఉన్నవాళ్ల మధ్యే తగువులు పెట్టి గడుపుకొచ్చారు. 1961లోనే రాయడం మొదలుపెట్టిన అడెల్ రోజ్ ఈ సీరియల్‌కి తొలి మహిళా రచయిత. తరువాతి 37 ఏళ్లలో ఆమె 450కి పైగా స్క్రిప్టులు రాసింది.

పనిమనిషి హిల్డా ఓగ్డెన్ ఇంట్లో గోడకి కొండల చిత్రం, దాని మీద ఎగిరే మూడు బాతులు ఉండేవి. తలకి ఎప్పుడూ కర్లర్లు. ఆమె భర్త స్టాన్‌గా వేసిన బెర్నార్డ్ యూవెన్స్ 1984 ఆగస్టులో చనిపోయారు. కథలో స్టాన్‌ని కూడా నవంబర్‌లో సాగనంపారు. అంత్యక్రియలయ్యాక హిల్డా ఇంటికొచ్చి, ఆస్పత్రివాళ్లు ఇచ్చిన గోధుమరంగు కాగితం పొట్లం విప్పుతుంది. పైజమా మడత. దాని కింద కళ్లజోడు పెట్టె. ఆ పెట్టె చేతిలోకి తీసుకున్నాక గాని ఆమెకి ఏడుపు రాదు. మాట ఒక్కటి లేదు. జీన్ అలెగ్జాండర్ నటనకి రాయల్ టెలివిజన్ సొసైటీ పురస్కారం వచ్చింది. 1987 క్రిస్మస్ రోజున హిల్డా వీధి విడిచి వెళ్లిపోవడాన్ని రెండున్నర కోట్లమందికి పైగా చూశారు.

పబ్బు యజమానురాలు ఆనీ వాకర్‌గా వేసిన డోరిస్ స్పీడ్ సంగతి వేరే. తన వయసు చాలా ఏళ్లు తగ్గించి చెప్పుకునేది. 1983లో ఒక పత్రిక ఆమె జన్మ ధ్రువపత్రం సంపాదించి, 84 ఏళ్లని అచ్చేసింది. అప్పటికే ఒంట్లో బాగాలేదు. మళ్లీ ఆ పబ్బు గల్లాపెట్టె వెనక నిలబడలేదు.

ఆ ఏడాదే కెన్ బార్లో భార్య డియర్‌డ్రీ, మైక్ బాల్డ్‌విన్‌ల వ్యవహారం దేశాన్ని ఊపేసింది. ఆమె కెన్ దగ్గరే ఉండిపోయిన ఫిబ్రవరి 23న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్, ఆర్సెనల్ జట్లు సెమీఫైనల్ ఆడుతున్నాయి. ఆ కబురు స్కోరుబోర్డు మీద వేస్తే మైదానం దద్దరిల్లిపోయింది. 1998లో అదే డియర్‌డ్రీని ఒక మోసగాడి బదులు కథలో జైలుకి పంపితే, ఆమెని విడిపించమని పత్రికలు ఉద్యమం లేవదీశాయి. ప్రధాని టోనీ బ్లెయిర్ కూడా సరదాగా గొంతు కలిపాడు. నవ్వుకోదగ్గ విషయమే గాని, అదే ఏడాది వచ్చిన హేలీ పాత్ర నవ్వులాట కాదు. బ్రిటిష్ సీరియళ్లలో శాశ్వత స్థానం దొరికిన తొలి ట్రాన్స్‌జెండర్ పాత్ర అది. 1999లో హేలీ, రాయ్ క్రాపర్‌ల పెళ్లికి చట్టం ఒప్పుకోదు కాబట్టి ఆశీర్వాదంతో సరిపెట్టారు. 2004లో చట్టం వచ్చింది. 2010లో ఇద్దరికీ దస్తూరుగా పెళ్లి చేశారు.

2010 డిసెంబర్ 9న స్వర్ణోత్సవానికి, వంతెన మీంచి ట్రామ్ పడిన దుర్ఘటన మీద గంటసేపు ప్రత్యక్ష ప్రసారం చేశారు. తరువాత మూడు నాలుగేళ్లకి సెట్ ట్రాఫర్డ్‌కి మారింది. 2020 మార్చిలో కరోనా వల్ల చిత్రీకరణ ఆగినా, ఉన్న ఎపిసోడ్లని వారానికి మూడు చొప్పున పొదుపుగా వాడుకుని, ప్రసారం మాత్రం ఆపలేదు.

మొదటిరోజు సాస్ సీసాని చూసి ముఖం చిట్లించిన కెన్‌గా వేసిన విలియం రోచ్ 1932లో పుట్టాడు. తొంభై దాటాక కూడా అదే పాత్ర వేస్తున్నాడు. కెన్ ఆ వీధి విడిచి వెళ్లే ఏర్పాటు రచయితలు ఒకసారి చేశారు: 1971లో భార్య వాలరీతో కలిసి జమైకాకి వలసవెళ్లాలి. సామాను కూడా సర్దుకున్నారు. ఆ నటి మానేస్తాననడంతో, ప్రయాణానికి ముందు హెయిర్ డ్రయర్ షాక్ కొట్టి వాలరీ చనిపోయినట్టు రాశారు. కెన్ ఇద్దరు పిల్లలతో అక్కడే ఉండిపోయాడు. ఆ తరువాత మరో మూడుసార్లు పెళ్లి చేసుకున్నాడు, అందులో రెండుసార్లు డియర్‌డ్రీనే.