కరెంటు అడగని నీరు

నీటి పొదుపు, కరెంటు పొదుపు అని మనం రెండు పద్దులు వ్రాసుకుంటాము. నిజానికి రెండూ ఒకే పద్దు. ఈ మాటకు మంచి సాక్ష్యం పాలమూరు నేలలోనే ఉన్నది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016లో వేరుపడిన గద్వాల, నాగర్‌కర్నూలు, వనపర్తి జిల్లాలను చూడండి. నీటికీ విద్యుత్తుకూ గల సంబంధం మూడు చోట్లా మూడు విధాలు.

గద్వాల చెంత జూరాల వద్ద కృష్ణ పల్లానికి దిగుతూ కరెంటునిస్తుంది. అక్కడి ఆరు యంత్రాల సామర్థ్యం 234 మెగావాట్లు. నాగర్‌కర్నూలు జిల్లాలో కథ తలక్రిందులు. శ్రీశైలం జలాశయపు నీటిని కల్వకుర్తి ఎత్తిపోతల పథకం ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అనే మూడు అంచెలలో పైకి తోడుతుంది. అక్కడ నీరు కరెంటును త్రాగుతుంది.

వనపర్తి దారి వేరు. ఆ సంస్థానాధీశులు త్రవ్వించిన పెద్ద చెరువులకు రంగసముద్రం, శంకరసముద్రం వంటి పేర్లు పెట్టుకున్నారు. వాననీరు వాలు వెంట చేరేది, తూము గుండా వాలు వెంటే పొలానికి పోయేది. తూము తెరచి మూసే బాధ్యత నీరటిది. అతని కష్టానికి పంటలో గింజలు కొలిచి ఇచ్చేవారు.

ఈ సంప్రదాయానికి ఆధునిక రూపం సరళాసాగర్. వనపర్తి రాజా రామేశ్వరరావు సంకల్పంతో, సరళాదేవి పేరిట, 1949లో శంకుస్థాపన జరిగి 1959లో పూర్తయినది. దీని ప్రత్యేకత స్వయంచాలక సైఫన్లు. డబ్బాలోని కిరోసిన్‌ను గొట్టంతో దించడం మనలో చాలామంది చూసినదే. సూత్రం అదే. నీటిమట్టం హద్దు దాటగానే ప్రవాహం గొట్టంలోని గాలిని వెంట తీసుకుపోతుంది, గొట్టం నిండి నీరు బలంగా దూకుతుంది. మట్టం తగ్గి గాలి చొరబడగానే ధార దానంతటదే తెగిపోతుంది. గేటు లేదు, మోటారు లేదు, మీట నొక్కే మనిషి లేడు.

అయినా 2019 డిసెంబరు 31 ఉదయం సరళాసాగర్‌కు గండి పడింది. తెగినది మట్టికట్ట. ఏళ్ళ తరువాత నిండిన నీరు, రైతు యాసంగికి నమ్ముకున్న నీరు, చూస్తుండగానే వాగు పాలయింది. 2020లో కట్టను తిరిగి నిర్మించారు. సైఫన్ తన పని తాను చేసుకోగలదు గాని, కట్ట తనను తాను కాచుకోలేదు. దానికి కాపు కావాలి. నీరటి లేని లోటు యంత్రం తీర్చేది కాదు.

మన ఇంటి సంగతీ ఇంతే. మిద్దెపై ట్యాంకులోని ఫ్లోటు వాల్వు ఆ సైఫన్‌కు చిన్న తమ్ముడు. ట్యాంకు నిండగానే నీటిని తనంతట తానే ఆపుతుంది. కాని అరిగిపోయిన దానిని మార్చకపోతే రాత్రంతా నీరు పొర్లుతూనే ఉంటుంది. నూరు మీటర్ల లోతు నుండి 1000 లీటర్లు పైకి తేవడానికి, మోటారులో పోయే నష్టాన్ని లెక్కించకుండానే, పావు యూనిట్టుకు పైగా విద్యుత్తు కావాలి. సెకనుకొక చుక్క కారే కొళాయి రోజుకు సుమారు 20 లీటర్లు పారబోస్తుంది. అది నీటితో పాటు కరెంటు కూడా, కరెంటుతో పాటు నెల చివర బిల్లు కూడా.

కనుక పొదుపంటే కొత్త పరికరం కొనడమే అనుకోనక్కరలేదు. రెండు రూపాయల వాషరు వేళకు మార్చడం, బియ్యం కడిగిన నీటిని కరివేపాకు మొదట్లో పోయడం, మోటారు వేసి మరచిపోకుండుట, ఇవన్నీ నీరటి పనులే. ఊరి చెరువుకు జీతమిచ్చి కాపును పెట్టుకున్న జాతి మనది. ఇంట్లో ఆ కొలువు ఖాళీగా ఉన్నది. ఎవరో ఒకరు చేరాలి.

మీ ప్రాంతాలలో కరెంటు అడగని ఇటువంటి నీటి ఏర్పాట్లుంటే తెలుపగలరు.