మదనపల్లె సంఘ స్థాపన: వైద్యం, భాష, ఆధారాలు

అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ 1853లో ఏర్పడింది. దేశభాషలో సువార్త ప్రకటనే దాని తొలి ఆశయం. 1863లో మదనపల్లె చేరిన జేకబ్ చేంబర్లేన్ వైద్యుడు కూడా కావడంతో, అక్కడ బోధతోపాటు చికిత్స కూడా సంఘస్థాపనకు ఆధారమైంది. ఆయన తెలుగు బైబిలు సవరణలోనూ పాల్గొన్నాడు. రోగుల వాడుక తెలుగు, గ్రంథపు తెలుగు రెండూ ఆయనకు నిత్యపరిచయాలే. 1912లో ఆరంభమైన యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయం ఈ వైద్యసేవా సంప్రదాయాన్ని విస్తరించింది.

అయితే ఈ చరిత్ర ఎక్కువగా మిషనరీల ఆంగ్ల రచనలనుండే తెలుస్తున్నది. 1896 నాటి చేంబర్లేన్ గ్రంథం అమెరికా పాఠకులను ఉద్దేశించినది. చికిత్సకు వచ్చిన పేదలు అందులో ఆయన చూపుద్వారానే కనిపిస్తారు. సంఘాన్ని నిలిపినవారిని గుర్తించాలంటే మదనపల్లె, పుంగనూరు సంఘాల బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లనూ, కుటుంబాల మౌఖిక కథనాలనూ ఆ గ్రంథాలతో సరిపోల్చి చదవాలి.