ఒక చెయ్యి జేబులో

మా నాన్న గాజువాకలో ఇరవై ఏళ్లు టీవీలు బాగుచేశాడు. కొట్లో నన్ను కూచోనిచ్చేవాడు గానీ, వెనక మూత విప్పిన టీవీ దగ్గరికి మాత్రం రానిచ్చేవాడు కాదు. తను కూడా ఒక చెయ్యి జేబులో పెట్టుకునే పనిచేసేవాడు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది, ఒక చెయ్యే అయితే బతికే అవకాశం ఎక్కువ అనేవాడు. పిక్చర్ ట్యూబుకి పక్కన ఒక రబ్బరు టోపీ, అందులోంచి ఒక లావుపాటి తీగ ఉండేవి. కలర్ టీవీలో ఆ తీగ మీద పాతిక వేల వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేసినా ట్యూబు గాజు ఆ చార్జిని కొంతసేపు దాచుకుంటుంది.

ఇదంతా మళ్లీ గుర్తుకొచ్చింది బీచ్ రోడ్డులో, టీయూ-142 మ్యూజియంలో.

ఈ విమానం కథ వైజాగ్ వాళ్లకి కొంత తెలిసిందే. సముద్రం మీద జలాంతర్గాముల్ని వెతకడానికి సోవియట్ యూనియన్ నుంచి మన నేవీ ఇలాంటివి ఎనిమిది కొన్నది. మొదటివి 1988లో గోవాకొచ్చాయి, 1992లో అరక్కోణానికి మారాయి. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. 2017 మార్చిలో రిటైరయ్యాయి. వాటిలో ఒకటి వైజాగ్ వచ్చి, అదే ఏడాది డిసెంబరులో మ్యూజియమైంది. రోడ్డుకి అటువైపు కురుసుర జలాంతర్గామి. వేటగాడూ వేటా ఎదురెదురుగా రిటైరయ్యాయన్నమాట. 29 ఏళ్లలో 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరాయని నేవీ గర్వంగా చెప్పుకుంటుంది. ఆ లెక్కలో పైలట్లున్నారు, ఇంజన్లున్నాయి. తీగల సంగతి ఎవరూ ఎత్తరు.

ఆ కాలపు విమానంలో రాడార్ చూపించే తెర కూడా మా కొట్లోలాంటి పిక్చర్ ట్యూబే. 1897లో ఫెర్డినాండ్ బ్రౌన్ చేసిన గొట్టానికి వారసురాలు. ఎలక్ట్రాన్లు పరిగెత్తి ఫాస్ఫరు పూతని కొడితేనే అది వెలుగుతుంది. అంత వేగం రావాలంటే వేల వోల్టులు కావాలి. ఆ వోల్టేజి తయారయ్యే పెట్టె నుంచి ట్యూబు దాకా దాన్ని మోసేది ఒక తీగ. దాని చివర ఒక కనెక్టర్.

నేల మీద ఇదేం పెద్ద విషయం కాదు. ఒక సెంటీమీటరు పొడి గాలి దాదాపు 30,000 వోల్టుల్ని ఆపగలదు. పైకి వెళ్తే కథ మారుతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తులో గాలి పీడనం ఇక్కడి దాంట్లో పావు వంతు కూడా ఉండదు. పల్చటి గాలిలో ఎలక్ట్రాను దేనికీ గుద్దుకోకుండా ఎక్కువ దూరం పరిగెత్తి, ఎక్కువ శక్తి కూడగట్టుకుని, తర్వాతి అణువుని చీల్చేస్తుంది. పీడనాన్నీ, రెండు లోహాల మధ్య దూరాన్నీ గుణిస్తే వచ్చేదాని మీదే నిప్పురవ్వ ఆధారపడుతుందని 1889లో ఫ్రెడరిక్ పాషన్ తేల్చాడు. అంటే రామకృష్ణా బీచ్‌లో భద్రంగా ఉన్న ఎడమే ఆకాశంలో ప్రమాదం.

కాక్‌పిట్‌లో గాలి పీడనం పెంచి ఉంచుతారు కదా అనొచ్చు. కానీ అది పడిపోతే? సరిగ్గా ఆ నిమిషంలోనే కదా పైలట్‌కి తెర కావాల్సింది!

అందుకే ఈ కనెక్టర్ల తయారీలో అసలు పని గాలిని బయటికి గెంటడం. పిన్ను పొడుగాటి ఇన్సులేటర్ గొట్టంలో లోతుగా కూచుంటుంది. బిగించేటప్పుడు సిలికాన్ రబ్బరు నొక్కుకుని సందులన్నీ మూసేస్తుంది. కంటికి కనపడని చిన్న బుడగ మిగిలినా చాలు. అందులో రోజూ కాస్త కాస్త డిశ్చార్జి జరుగుతూ ఇన్సులేషన్‌ని తినేస్తుంది. ఒకరోజు అది తెగుతుంది. వానాకాలం రాత్రుళ్లు మా వీధి టీవీల వెనక చిటపటలు, ఆ రబ్బరు టోపీ చుట్టూ నీలం వెలుగు చూసినవాళ్లకి ఈ సంగతి సగం తెలిసినట్టే. ఉప్పుగాలి ఊరు మాది. టోపీ తుడిచి, ఆరబెట్టి, మళ్లీ బిగించడం నాన్నకి సగం బేరం.

1989లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ కొన్న ఎ320లో పైలట్ల ముందు ఆరు పిక్చర్ ట్యూబులుండేవి. ముళ్ల మీటర్లు పోయి గాజు తెరలొచ్చాయని అందరూ ఆశ్చర్యపోయారు. ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. 1995లో సర్వీసులోకొచ్చిన బోయింగ్ 777 ఎల్‌సీడీలతో వచ్చింది. ఎల్‌సీడీ పిక్సెల్‌కి కొద్ది వోల్టులు చాలు. తెర వెనక దీపానికి మాత్రం మొదట్లో వందల వోల్టులు కావాల్సివచ్చేది, ఎల్‌ఈడీ అదీ తీసేసింది. 2013 నుంచి అరక్కోణంలో టీయూల చోటికొచ్చిన పీ-8ఐలో అన్నీ పలక తెరలే.

రోజుకి పది గంటలు తెర ముందు కూచునే ఉద్యోగం నాది. తెర అంటే నాకు ఒక కొలత, ఇన్ని పిక్సెల్స్ అని. దాని వెనక ఎవరో ప్రాణం అడ్డుపెట్టి నేర్చుకున్న జాగ్రత్త ఉండేదని నా కోడ్‌లో ఎక్కడా రాసిలేదు. ఎల్‌సీడీ వచ్చినందుకు నాకు బాధేం లేదు, ప్రమాదం తగ్గడం మంచిదే. కాకపోతే ప్రమాదంతోపాటు దాన్ని ఎరిగిన చేతులూ పోయాయి. నాన్న కొట్టు చోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

పోయిన సంక్రాంతికి నాన్నని మ్యూజియానికి తీసుకెళ్లాను. విమానం లోపల పరికరాల దగ్గర చాలాసేపు ఆగాడు. కరెంటు లేదు నాన్నా, ఎప్పుడో చచ్చిపోయాయివన్నీ అన్నాను. తలూపి, వంగి తీగల వైపు చూశాడు. ఎడమచెయ్యి జేబులోనే ఉంది.