పెట్రోలు ఇంజను మొదట ఎగిరింది నమూనా విమానంలోనే

1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా తపాలా సంచులతో కరాచీలో బయలుదేరి, అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరాడు. అక్కడినుండి ఆ తపాలాను మద్రాసుకు తీసుకొనిపోయిన నెవిల్ విన్సెంట్ దారిలో దిగిన ఊరు మన బళ్ళారి. ఆనాడు వాడిన పుస్ మాత్ విమానం ముక్కున ఉన్నది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. ఈ సంగతి చెప్పినప్పుడెల్లా మోక పిల్లలు అడిగే ప్రశ్న ఒకటున్నది: అసలు పెట్రోలుతో మొట్టమొదట ఎగిరినది ఏ విమానం?

రైట్ సోదరులదని మనమందరం చదువుకొన్నాము. మనిషిని మోసిన విమానాలలో అది నిజమే. కాని గాలికంటె బరువైన యంత్రాలలో పెట్రోలు ఇంజనుతో ముందుగా ఎగిరినది మనిషి లేని ఒక నమూనా. అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శి శామ్యూల్ లాంగ్లే 1896లోనే ఆవిరి ఇంజనుతో నమూనాలను పోటోమాక్ నదిపై ఎగురవేశాడు. తరువాత మనిషిని మోయగల విమానం కట్టదలచి, ముందుగా అందులో నాలుగవ వంతు కొలతలతో ఒక నమూనా చేయించి, దానికి చిన్న పెట్రోలు ఇంజను అమర్చాడు. 1901 జూన్ 18న అది ఎగిరింది. దూరం స్వల్పమే. అయినా రైట్ సోదరుల విజయానికి రెండేళ్ళకు పైగా ముందు!

లాంగ్లే కథలో విషాదం ఆ తరువాతిది. చార్లెస్ మాన్లీ తీర్చిదిద్దిన 52 అశ్వశక్తుల ఇంజనుతో పెద్ద విమానాన్ని 1903 అక్టోబరు 7న, డిసెంబరు 8న ప్రయోగించగా రెండుసార్లూ నదిలో పడింది. లోపం ఇంజనుది కాదు. కొలతలన్నీ నాలుగింతలు చేస్తే రెక్కల వైశాల్యం 16 రెట్లు అవుతుంది, బరువు మాత్రం 64 రెట్లకు పోతుంది. చిన్నదానికి చాలిన చట్రం పెద్దదానికి చాలలేదు. రెండవ ప్రమాదం జరిగిన తొమ్మిది రోజులకు, డిసెంబరు 17న, రైట్ సోదరులు ఎగిరారు. పత్రికల ఎగతాళిని భరించిన లాంగ్లే 1906లో కన్నుమూశాడు. ఆయన చేసిన నమూనా ఎగిరిందన్న మాట ఎన్ని పాఠ్యపుస్తకాలలో ఉన్నది?

ఆపైన చాలాకాలం కుర్రవాళ్ళ నమూనాలు రబ్బరు పట్టీల బలంతోనే ఎగిరాయి. విలియం బ్రౌన్ అనే అమెరికన్ యువకుడు సుమారు 10 సి.సి. పెట్రోలు ఇంజను ఒకటి తయారుచేశాడు. దానిని బిగించిన మాక్స్‌వెల్ బాసెట్ నమూనాలు 1933 జాతీయ పోటీలలో రబ్బరు నమూనాలను ఎంతగా ఓడించాయంటే, పెట్రోలు నమూనాలకు వేరొక తరగతి ఏర్పరచవలసి వచ్చింది. టాటా తపాలా విమానాలు బళ్ళారిలో దిగడం మొదలైన కాలమూ ఇంచుమించు ఇదే.

ఇంజను కొనడం ఒక ఎత్తు, దానిని విమానంలో నిలపడం ఒక ఎత్తు. కళాశాలలో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో ఉన్నప్పుడు ఈ వ్యాసకర్తకు అది అనుభవానికి వచ్చింది. బల్లకు బిగించి తిప్పితే ఝుమ్మని తిరిగిన చిన్న ఇంజను విమానంలో బిగించగానే ముక్కు పైకెత్తితే చాలు, ఆగిపోయేది. రెండు రోజులు ఇంజనునే తిట్టుకొన్నాము. తీరా చూస్తే మేము ఇంధనపు తొట్టిని కార్బురేటరుకంటె బాగా కిందుగా పెట్టాము! తొట్టి కార్బురేటరుకు దగ్గరగా, దాదాపు అదే మట్టంలో ఉండాలి. ఇంజను బిగించే ముందు పలక గట్టి ప్లైవుడ్డుది కావాలి. మరలు కొంచెం వదులైనా అదురుకు తొట్టిలో నురుగు పుట్టి, ఇంజను దగ్గుతుంది. ఇక తిరుగుతున్న ప్రొపెల్లరు కంటికి కనబడదు, వేలికి తెలుస్తుంది. ఇంజనును సరిచేసేవాడు ఎప్పుడూ దాని వెనుకనే నిలబడాలి.

మేము వాడినది పెట్రోలు ఇంజను కాదు. ఈథరు, కిరోసిను, ఆముదం కలిపిన మిశ్రమంతో, స్పార్కుప్లగ్గు లేకుండా నడిచే రకం. మన మెట్టచేలలో పండే ఆముదానికి ఇంతటి వైభవం ఉన్నదని మాకు తెలిసింది అప్పుడే. చేతులకంటిన ఆ వాసన సబ్బుకు లొంగేది కాదు.

తొలినాటి పెట్రోలు ఇంజనుకు ఉన్న పెద్ద బరువు నిప్పురవ్వది. చుట్ట, కండెన్సరు, బ్యాటరీ అన్నీ విమానమే మోయాలి. 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును ప్రవేశపెట్టగానే ఆ సామగ్రి అంతా అనవసరమై, మిథనాలుతో నడిచే ఇంజన్లు వ్యాపించాయి, పెట్రోలు వెనుకబడింది. 1970ల తరువాత రంపపు యంత్రాల వంటి వాటి ఇంజన్లు పెద్ద నమూనాలకెక్కి పెట్రోలును తిరిగి తెచ్చాయి. మన మిరప, ప్రత్తి చేలలో రైతులు వీపున మోసే తైవాన్ స్ప్రేయరులో ఉండే రెండు స్ట్రోకుల ఇంజనుదీ ఆ జాతే. నూనె కలిపిన పెట్రోలు, ప్లగ్గు శుభ్రం చేయడం, తాడు లాగడం మన ఇళ్ళలో పిల్లలకు బాగా తెలిసిన పనులే. వాటిని భౌతికశాస్త్ర పాఠంగా వారికి చూపించవలసింది మనమే. నమూనా విమానం అనగానే ఆటవస్తువని తీసిపారేసే తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. వారికి లాంగ్లే సంగతి చెప్పాలనిపిస్తుంది, మరొకరి సంగతి కూడా.

ఆయన అమెరికాకు చెందిన మేనార్డ్ హిల్. వయసు 77, చూపు దాదాపు లేదు, వినికిడీ మందగించింది. 2003 ఆగస్టు 9న న్యూఫౌండ్‌లాండ్ తీరాన ఆయన వదలిన నమూనా బరువు 5 కిలోలు, అందులో దాదాపు సగం ఇంధనమే. దీపాలకు వాడే శుద్ధిచేసిన పెట్రోలుతో నడిచేటట్లు ఇంజనును ఆయన మార్చుకొన్నాడు. అంతకుముందు పంపిన విమానాలు గమ్యం చేరలేదు. ఇది మాత్రం సుమారు 3,030 కిలోమీటర్ల అట్లాంటిక్‌ను దాటి, 38 గంటల 52 నిమిషాలకు ఐర్లండు తీరాన దిగింది. అప్పటికి తొట్టిలో మిగిలినది కొద్దిపాటి ఇంధనమే.