రన్నింగ్ బఫెలో క్లోవర్

రన్నింగ్ బఫెలో క్లోవర్ అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు, మధ్య ప్రాంతాల పలచని అడవుల్లో పెరిగే బహువార్షిక మొక్క. శాస్త్రీయ నామం ట్రైఫోలియం స్టోలోనిఫెరమ్. ఇది చిక్కుడు కుటుంబంలో మెంతికి దగ్గరి బంధువు. మెంతిలాగే దీని ప్రతి ఆకులోనూ మూడు పత్రకాలుంటాయి. ఒకప్పుడు కాన్సాస్ నుంచి వెస్ట్ వర్జీనియా దాకా విస్తరించిన ఈ మొక్క 20వ శతాబ్దంలో అంతరించిందనే భావించారు. 1983లో మళ్లీ దొరికింది.

గుర్తింపు

పచ్చిక బయళ్లలో, బాటల పక్కన విరివిగా కనిపించే తెల్ల క్లోవర్‌తో దీన్ని పొరబడడం తేలిక. యూరప్ వలసదారులతో వచ్చిన ఆ మొక్క కూడా నేలబారు తీగలతో పాకి, కణుపుల దగ్గర వేళ్లూనుతుంది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ వరకు, పూత కాలంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. తెల్ల క్లోవర్ పూకాడ ఆకులేమీ లేకుండా పాకుడు తీగ నుంచే లేస్తుంది. రన్నింగ్ బఫెలో క్లోవర్‌లో మాత్రం నిటారుగా లేచిన కొమ్మకు, పూగుత్తికి కాస్త దిగువన, రెండు పెద్ద ఆకులు ఎదురెదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి. పూలు తెల్లగా, లేత ఊదా ఛాయతో ఉంటాయి. గుత్తి వెడల్పు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. తెల్ల క్లోవర్ పత్రకాల మీద తరచు కనిపించే కోణాకారపు లేత చార దీనికి ఉండదు. అయితే ఆ చార లేని తెల్ల క్లోవర్ మొక్కలూ ఉంటాయి కాబట్టి ఒక్క గుర్తునే నమ్మకూడదు.

మరో స్థానిక జాతి బఫెలో క్లోవర్, అంటే ట్రైఫోలియం రిఫ్లెక్సమ్, కూడా ఇలాంటి అడవుల్లోనే పెరుగుతుంది. దానికి పాకుడు తీగలు ఉండవు. పూల పై రేకు తరచు గులాబీ లేదా ఎరుపు రంగులో ఉంటుంది.

చరిత్ర, క్షీణత

పెన్సిల్వేనియాకు చెందిన వృక్షశాస్త్రవేత్త ముహ్లెన్‌బర్గ్ పెట్టిన ఈ శాస్త్రీయ నామాన్ని ఆయన మరణానంతరం, 1818లో, ఏమస్ ఈటన్ ప్రచురించాడు. ఈ మొక్కకు నిండు నీడ, నిండు ఎండ రెండూ పడవు. చెట్ల నడుమ వెలుతురు జారే సారవంతమైన నేల, అప్పుడప్పుడు కొంత మేత, తొక్కుడు కావాలి. అమెరికా బైసన్ మందలు నడిచిన దారులు అలాంటి చోట్లను నిలబెట్టాయనీ, విత్తనాలనూ వ్యాప్తి చేశాయనీ శాస్త్రవేత్తలు భావిస్తారు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మిసిసిపి నదికి తూర్పున బైసన్ కనుమరుగైంది. అడవులు కొన్నిచోట్ల పొలాలయ్యాయి, మరికొన్నిచోట్ల చిక్కబడి నేలకు వెలుతురు అందకుండా చేశాయి. మిగిలిన చోట్ల తెల్ల క్లోవర్ వంటి పరాయి మొక్కలు పోటీకి వచ్చాయి.

పునరావిష్కరణ, పరిరక్షణ

1940లో వెస్ట్ వర్జీనియాలోని వెబ్‌స్టర్ కౌంటీలో సేకరించిన తరవాత నాలుగు దశాబ్దాలకు పైగా దీని జాడ లేదు. 1983లో అదే రాష్ట్రంలో మళ్లీ కనబడింది. ఆ వివరాలను రాడ్నీ బార్ట్‌గిస్ 1985లో రొడోరా పత్రికలో ప్రచురించాడు. 1987లో సమాఖ్య ప్రభుత్వం దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. గుర్తులు తెలిసిన కళ్లు వెతకడం మొదలుపెట్టాక కెంటకీ, ఒహాయో, ఇండియానాల్లోనూ కొత్త గుంపులు బయటపడ్డాయి. వాటిలో కొన్ని పాత బాటల వెంట, కోత జరిగే పచ్చికల్లో ఉన్నాయి. మేతను, కోతను పూర్తిగా ఆపేసినా మొక్కకు మేలు జరగదనీ, మోతాదు, సమయం చూసి చేయాలనీ పరిరక్షకులు గ్రహించారు.

తెలిసిన గుంపుల సంఖ్య నూటయాభై దాటడంతో 2021లో దీన్ని ప్రమాద జాబితా నుంచి తొలగించారు. తరవాత కూడా పర్యవేక్షణ కొనసాగించాలని నిర్ణయించారు. దాని సోదర జాతి బఫెలో క్లోవర్‌కు మాత్రం సమాఖ్య రక్షణ లేదు. గట్టి పొట్టు గల దాని విత్తనాలు నేలలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి, నిప్పు తగిలి అడవి తెరుచుకున్నాక మొలకెత్తుతాయి. నిప్పును అణిచివేయడంతో అడవులు చిక్కబడిన అనేక రాష్ట్రాల్లో ఆ మొక్క అరుదైపోతోంది. రన్నింగ్ బఫెలో క్లోవర్‌కు దక్కిన అన్వేషణ, యాజమాన్య శ్రద్ధ ఇప్పుడు దానికీ అత్యవసరం.