ఆదర్శ రాజ్యము – తెలంగాణమున రెండు ప్రయత్నములు

మానవుడు తానున్న సంఘమున అన్యాయమును చూచినప్పుడెల్ల, అది లేని రాజ్యమెట్లుండునో ఊహించుచునే వచ్చెను. తెలుగు పల్లెలలో ఆ ఊహకు రామరాజ్యమని పేరు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో జ్ఞానులు పాలకులుగా నుండు రాజ్యమును కల్పించెను. 1516లో ఇంగ్లండు దేశీయుడగు థామస్ మోర్ లాటిను భాషలో ‘యుటోపియా’ అను గ్రంథమును ప్రకటించెను. అతడు కల్పించిన ద్వీపమున 54 నగరములు కలవు. సొంత ఆస్తి యనునది లేదు. ప్రతివారును దినమునకు ఆరు గంటలు పని చేసిన చాలును. ఐనను ఆ రాజ్యమునందును బానిసలు కలరు. యుటోపియా యను మాటకు గ్రీకు మూలమున ‘లేని చోటు’ అని యర్థము.

ఆ లేని చోటును ఉన్న నేలపై నిలుపుటకు ఇరువదవ శతాబ్ది నడుమ తెలంగాణమున రెండు ప్రయత్నములు జరిగెను. మొదటిది గ్రామరాజ్యము, రెండవది గ్రామదానమునకు దారి తీసిన భూదానము. రెండింటికిని నల్లగొండ జిల్లాతో గాఢమగు సంబంధము కలదు.

నిజాం రాష్ట్రమున భూమిలో పెద్ద భాగము జాగీర్దారుల, దేశముఖుల చేతులలో నుండెను. చాకలి, మంగలి, కుమ్మరి మొదలగు వృత్తులవారు దొర గడీలో కూలి లేని వెట్టిచాకిరి చేయవలసి యుండిరి. భగేలాగా కుదిరినవాని ఋణము కొడుకునకు సంక్రమించెడిది. ఈ స్థితి మారవచ్చునను ఆశ మొదట పుస్తకముల మూలమున మొలకెత్తెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘము గ్రంథాలయ స్థాపనను తన ఆశయములలో నొకటిగా పెట్టుకొనెను. సభ జరుపుటకు ప్రభుత్వానుమతి కావలసిన ఆ దినములలో పఠనమందిరమే జనులు కూడి మాటలాడుకొను చోటయ్యెను. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు పాలమూరు జిల్లావాసియగు సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. 1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యెను. సభ్యత్వ రుసుము రూపాయి నుండి అణాకు దిగెను. అంతవరకు చదువరుల సభగా నున్నది అప్పటినుండి పల్లె పల్లెకు ‘సంగము’ అయ్యెను.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలి యయ్యెను. పోరాటము క్రమముగా ఆయుధము పట్టెను. దొరలు గడీలు విడిచిపోయిన ఊళ్లలో గ్రామ కమిటీలు పాలన చేపట్టెను. వెట్టి రద్దయ్యెను. ఋణపత్రములు తగులబడెను. రైతును భూమి నుండి వెళ్లగొట్టుట నిషిద్ధమయ్యెను. తగవులను ఊరివారే కూర్చుండి తీర్చిరి. భూపరిమితి మొదట 500 ఎకరములుగా నుండి, తుదకు 100 ఎకరముల మెట్ట, 10 ఎకరముల తరికి దిగెను. పోరాట నాయకుల లెక్క ప్రకారము సుమారు 3,000 గ్రామములలో ఈ పాలన సాగెను. 10 లక్షల ఎకరములు పంచబడెను.

ఐతే యుద్ధము నడుమ పుట్టిన పాలనకు ఎదురుమాట వినుటకు తీరిక లేకపోయెను. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాతను పోరు ఆగలేదు. దళములు నల్లమల మొదలగు అడవులను ఆశ్రయించెను. రజాకార్ల చేతను, పిమ్మట సైన్యము చేతను పల్లెలు నలిగెను. పంచిన భూమిలో కొంత తిరిగి దొరల పాలయ్యెను. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగెను. కాని 1949లో జాగీర్ల రద్దునకును, 1950లో కౌలుదారు చట్టమునకును ఆ పోరాటపు ఒత్తిడి తోడ్పడెను.

విరమణకు ఆరు నెలల ముందే రెండవ ప్రయత్నము మొదలయ్యెను. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు కాలినడకన వచ్చిన వినోబా భావే 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి చేరెను. అచటి హరిజనవాడలోని నలువది కుటుంబములవారు బ్రదుకుటకు 80 ఎకరములు కావలెననిరి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇచ్చెదనని ప్రకటించెను. ఆ తెలంగాణ యాత్రలోనే సుమారు 12,000 ఎకరములు దానముగా వచ్చెను.

మరుసటి యేట ఉత్తరప్రదేశములోని మంగ్రోఠ్ గ్రామముతో భూదానము గ్రామదానమయ్యెను. దాని యేర్పాటు చక్కనిది. భూమిపై యాజమాన్యము గ్రామసభది. తరువాతి కాలపు సులభ గ్రామదానమున రైతు తన భూమిలో ఇరువదవ వంతు నిరుపేదలకిచ్చి, మిగిలినది తానే సాగు చేసికొనును. పంటలో నలువదవ వంతు గ్రామకోశమునకిచ్చును. నిర్ణయములు సంఖ్యాబలముచే గాక ఏకాభిప్రాయముచే జరుగవలెను. కాని 1957 నాటికి దేశమున 5 కోట్ల ఎకరములు సేకరింపవలెనను సంకల్పములో పదవ వంతైనను నెరవేరలేదు. వచ్చిన దానిలో రాళ్లనేల, వ్యాజ్యపు నేల చాలగా నుండెను. గ్రామదానమైన ఊళ్లు పెక్కింట పట్టా మారలేదు.

మొదటి ప్రయత్నము బలముచే భూమిని పంచెను. ఆ బలము తొలగగానే పంపకము నిలువలేదు. రెండవది హృదయ పరివర్తనమును నమ్మెను. హృదయము కరగిన దినమునకును, పత్రము వ్రాసిన దినమునకును నడుమ ఎడము పెరిగెను. రెండింటికిని కావలసినది తరువాతి దినపు పని: కొలత, పట్టా, ఎద్దులు, విత్తనము, ఊరిలో తగవు తీర్చు ఓర్పు.

ఈ రెంటికిని అందని ప్రశ్న యొకటి అమ్రాబాదు పీఠభూమి మీద కలదు. హైమెన్‌డార్ఫ్ ఇచటి చెంచుల జీవనమును పరిశీలించి 1943లో గ్రంథము ప్రకటించెను. చెంచుపెంటలో రాజు లేడు. పెద్దమనిషి మాటకు గౌరవము కలదు గాని, దాని వెనుక దండము లేదు. పొసగనివాడు వేరొక పెంటకు పోవచ్చును. గడ్డలు, తేనె, వేట – ఇవే వారి యాధారము. గ్రామరాజ్యమును, గ్రామదానమును భూమిని ఎకరములతో కొలిచెను. దున్నని అడవిపై బ్రదుకు హక్కునకు ఆ కొలతలో చోటు లేకపోయెను. ఆ హక్కు చట్టమున కెక్కినది 2006లో, అటవీ హక్కుల చట్టముతో. అదియు ప్రతి పెంటకు చేరినప్పుడే సార్థకము.

మోర్ ద్వీపమున బానిసలు లెక్కలోనికి రాలేదు. ఎకరముల లెక్కలో చెంచులు రాలేదు. ఆదర్శ రాజ్యమును తలపెట్టువాడు మొదట అడుగవలసినది, ఈ లెక్కలో ఎవరు మిగిలిపోయిరని. ఆ ప్రశ్న వేయుటకు పెద్ద పదవి యక్కరలేదు. పాత చరిత్రను తెరచి చదువుటకు ఊరిలో ఒక పుస్తకాల గది, అందు కూర్చుండి వాదించుకొనుటకు నలుగురు మనుష్యులు చాలును. తెలంగాణమున మార్పు మొదలైనది అట్టి గదులలోనే.