సెమినార్ గదిలో పదిహేను నిమిషాలు

రాత పరీక్షలో మనం హాల్‌టికెట్ నంబర్ వెనక ఉంటాం. సెమినార్‌లో, వైవాలో మనిషే ఎదురుగా నిలబడాలి. పేరు, యాస, ఇంగ్లీషు, చదివిన బడి అన్నీ బయటపడతాయి. ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితిపై 2006లో వేసిన థోరట్ కమిటీ ముందు విద్యార్థులు ప్రాక్టికల్స్, వైవా మార్కుల్లో అన్యాయం గురించే గట్టిగా చెప్పారు. జేఎన్‌యూలో రాత మార్కులకీ వైవా మార్కులకీ మధ్య తేడాలు చూసిన అబ్దుల్ నాఫే కమిటీ 2016లో వైవా మార్కులను 30 నుంచి 15కు తగ్గించమంది. కాబట్టి బాగా మాట్లాడటం నేర్చుకుంటే వివక్ష పోతుందని నేను చెప్పను. మన పని మన నోటితో పూర్తిగా వినిపించి బయటికి రావడం ఎలా అన్నదే ఇక్కడి విషయం.

పీహెచ్‌డీ స్కాలర్‌కి ఇది తప్పించుకోగలిగేది కాదు. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం ఆరు నెలలకోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పని వివరించాలి. 2022 నిబంధనలు దాన్ని ప్రతి సెమిస్టర్‌కీ పెట్టాయి. థీసిస్ ఇచ్చే ముందు ఒక సెమినార్, ఇచ్చాక వైవా. ఈ రెండింటికీ డిపార్ట్‌మెంట్ అధ్యాపకులు, తోటి స్కాలర్లు రావచ్చని నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నా మొదటి సెమినార్‌కి 32 స్లైడ్లు చేసుకుని వెళ్లాను. ఇచ్చింది పదిహేను నిమిషాలు. తొమ్మిదో స్లైడ్ దగ్గర బెల్లు కొట్టారు. అప్పటికి నేను సాహిత్య సమీక్షలోనే ఉన్నాను. రెండేళ్లు ఊళ్లు తిరిగి తెచ్చింది ఒక్క ముక్క చెప్పలేదు. అధ్యక్షత వహించిన ఆయన నా ఉచ్చారణ గురించి ఒక మాట అని కూర్చున్నారు. ఆ మాట చాలా రోజులు బాధపెట్టింది. కానీ నా పని మీద ఆయన ఏమీ అనలేకపోవడానికి నేను దాన్ని చెప్పకపోవడం కూడా కారణమే అని తర్వాత అర్థమైంది.

విషయాన్ని ఎలా కుదించాలో నేను అంబేడ్కర్ దగ్గర నేర్చుకున్నాను. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్‌లో ఆయన ‘భారతదేశంలో కులాలు’ అనే పత్రం చదివారు. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. ఈ పత్రాన్ని మనం సిద్ధాంతంగా చదువుతాం. విద్యార్థి సెమినార్‌గా ఒకసారి చదివి చూడండి. కులం చాలా పెద్ద సమస్య అని మొదట్లోనే ఒప్పుకుని, తాను కులం పుట్టుక, నిర్మాణం, వ్యాప్తి వరకే ఉంటానని గీత గీస్తారు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్‌ల నిర్వచనాలు తీసుకుని ఒక్కొక్కటీ ఎక్కడ చాలదో చూపిస్తారు. ఆ నలుగురి జీవిత చరిత్రలు చెప్పరు. అంతర్వివాహమే కులానికి మూలం అన్న ఒక్క వాదన మీద నిలబడి సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం మూడింటినీ దాంతోనే వివరిస్తారు. చివర్లో తన మాటే తుది మాట కాదంటారు. అంటరానితనం అనుభవించి వచ్చిన మనిషి అమెరికాలో నిలబడి కులం గురించి మాట్లాడుతూ సానుభూతి అడగలేదు, వాదన వినమన్నారు.

ఇప్పుడు నేను చేసేది ఇది. ముందు ‘నేను కనిపెట్టింది ఏమిటి’ అన్నది రెండు వాక్యాల్లో రాసుకుంటాను. అవి మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పేస్తాను. బెల్లు ఎప్పుడు కొట్టినా నష్టం లేదు. పదిహేను నిమిషాలకు ఎనిమిది స్లైడ్లు మించవు. హాస్టల్ గదిలో ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ మూడుసార్లు పైకి చదువుతాను. మనసులో చదువుకుంటే సమయం తెలియదు. తెలుగులో స్లైడ్లు చేసేవాళ్లకి ఒక మాట: అనూ ఫాంట్లలో టైపు చేసింది సెమినార్ హాల్ కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో చేసి, పీడీఎఫ్ కూడా వెంట తీసుకెళ్లండి.

ఇంగ్లీషులోనే మాట్లాడాల్సి వస్తే పుస్తకాల ఇంగ్లీషు కంఠతా పట్టకండి. మధ్యలో ఒక మాట మరిచిపోతే మొత్తం కూలిపోతుంది. చిన్న వాక్యాలు చాలు. ఊరి మాటలను మాత్రం అనువదించి చంపకండి. ‘జీతగాడు’ని నౌకరు అంటే ఏడాదికి కుదురుకోవడం, ముందే తీసుకున్న అప్పు, దొర చేను అన్నీ పోతాయి. మాట అలాగే పలికి, ఒక వాక్యంలో వివరించండి. ఆ మాట గదిలో చాలామందికి తెలియదు, మీకు తెలుసు.

అసలు పరీక్ష ప్రశ్నల దగ్గర మొదలవుతుంది. ‘మీరూ దళితులే కదా, ఆబ్జెక్టివ్‌గా ఎలా ఉండగలరు?’ అన్నది మనలో చాలామంది విన్న ప్రశ్న. అగ్రహారాల మీద పని చేసే బ్రాహ్మణ స్కాలర్‌ని ఇది అడగగా నేను వినలేదు. కోపం వస్తుంది, రావడం తప్పు కాదు. కానీ జవాబు పద్ధతిలోంచి ఇవ్వండి. ఏ ఊళ్లు, ఎందుకు ఎంచుకున్నారు, ఎవరెవరితో మాట్లాడారు, మీ అంచనాకు ఎదురు వచ్చిన సాక్ష్యం ఏమిటి, దాన్ని ఏం చేశారు. ఈ చివరిది ముందే సిద్ధం చేసుకుంటే ప్రశ్న అక్కడితో ఆగుతుంది. తెలియనిది అడిగితే ‘అది నేను చూడలేదు, రాసుకుంటాను’ అని నిజంగానే రాసుకోండి.

రాసుకోవడం మరోలా కూడా కావాలి. సెమినార్‌లు అందరికీ తెరిచినవే కాబట్టి ఒక మిత్రుణ్ని వెనక కూర్చోబెట్టి ఎవరు ఏం అడిగారో, ఎంత సమయం ఇచ్చారో తేదీతో సహా రాయించండి. పని మీద విమర్శ ఒక పేజీలో, కులం మీద, యాస మీద, కోటా మీద పడిన మాటలు వేరే పేజీలో. యూజీసీ 2012 నిబంధనలు ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలన్నాయి. అక్కడికి వెళ్లాల్సి వస్తే ‘నన్ను అవమానించారు’ అన్న మాట కన్నా ఆ రెండో పేజీకే బరువు ఎక్కువ.

మా హాస్టల్‌లో ఇప్పుడు ఎవరి సెమినార్ అయినా ముందురోజు రాత్రి మెస్ మూశాక అక్కడే రిహార్సల్ పెడుతున్నాం. వినేవాళ్లలో ఒకరు కెమిస్ట్రీ, ఒకరు లా. మర్నాడు మేం ముందు బెంచీలోనే కూర్చుంటాం, మొదటి ప్రశ్న మాలో ఎవరో ఒకరం అడుగుతాం.